వంత పాడేవాడి వంతు

మన భాషలో కొన్ని మంచి మాటలకు యెందుకో చెడ్డపేరు వచ్చిపడింది. "వంత పాడటం" అనే మాట చూడండి. ఆఫీసులో పెద్దగుమాస్తా యేమంటే దానికల్లా తల వూపేవాణ్ణి "వంత పాడుతున్నాడు" అంటాం. ఇంట్లో అత్తగారి మాటకు ఆడపడుచు అవునంటే "దీని వంత ఒకటి" అని కోడలు మూతి తిప్పుకుంటుంది. అంటే వంత అనేది సొంత గొంతు లేనివాడి పని అని మన లెక్క.

బుర్రకథ యెరిగినవాళ్ళు ఈ లెక్క ఒప్పుకోరు. కథకుడు తంబురా భుజాన వేసుకుని, వేళ్ళకు అందెలు తగిలించుకుని నడుమ నిలబడతాడు. అటొకరు, ఇటొకరు డక్కీలతో వంతలు. ఒకరు హాస్యం చూసుకుంటారు, ఒకరు లోకం పోకడ, రాజకీయం చూసుకుంటారు. కథకుడు చరణం పాడి వూపిరి తీసుకునే లోపల కథ చల్లబడకుండా కాపాడేది వాళ్ళే. జనం మనసులో వున్న ప్రశ్నను జనం తరఫున అడిగేదీ వాళ్ళే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారి పేరు చెప్పగానే ఆ గొంతూ ఆ గంతూ మన కళ్ళ ముందు నిలుస్తాయి. ఆయన పక్కన నిలబడి డక్కీ వాయించినవాళ్ళ పేర్లు చెప్పమంటే మనలో యెంతమంది చెప్పగలం?

ఇప్పుడీ బుర్రకథ యెందుకంటారా? డీజేల సంగతి చెబుదామని. బుర్రకథకూ డీజేకూ యేమిటమ్మా సంబంధం అని నవ్వకండి. కాస్త ముందుకు వెళ్ళాక నవ్వుదురు గాని.

మాది రెడ్డిగూడెం. పాత కృష్ణా జిల్లాలో మెట్ట ప్రాంతం. చుట్టూ మామిడితోటలు. వేసవి వచ్చిందంటే ఒకపక్క కాయ కోతలు, ఒకపక్క పెళ్ళి ముహూర్తాలు. వెనకటి రోజుల్లో పెళ్ళివారింటికి వంటవాళ్ళ కంటె ముందు మైకు సెట్టు వచ్చేది. వేపచెట్టు కొమ్మకు హారన్ కట్టి, అరుగు మీద గ్రామఫోను పెట్టి ప్లేటు వేసేవారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ నల్లటి ప్లేటు ఒక్కో పక్క మూడు నిమిషాల చిల్లర మాత్రమే పాడేది. అది అయిపోయాక ముల్లు యెత్తి, ప్లేటు తిప్పి, మళ్ళీ ముల్లు పెట్టేదాకా నిశ్శబ్దం. వియ్యపురాళ్ళు గుసగుసగా చెప్పుకుంటున్నామని అనుకున్న మాటలు ఆ నిశ్శబ్దంలోనే పందిరంతా వినపడేవి!

డీజే చేసిన మొదటి పని ఆ నిశ్శబ్దాన్ని లేకుండా చెయ్యడం. డిస్క్ అంటే ప్లేటు, జాకీ అంటే గుర్రపు స్వారీ చేసేవాడు. అమెరికాలో రేడియోలో ప్లేట్లు వేసే ఉద్యోగులకు 1930లలో పెట్టిన పేరు అది. తర్వాత్తర్వాత నాట్యశాలల్లో ప్లేట్లు వేసేవాళ్ళకూ అదే పేరు స్థిరపడింది. అతని ముందు ఒక ప్లేయరు కాదు, రెండు వుంటాయి. నడుమ మిక్సరు అనే పెట్టె. ఒక ప్లేయరు మీద పాట జనానికి వినపడుతూ వుండగానే, రెండో ప్లేయరు మీద రాబోయే పాటను అతను చెవికి తగిలించుకున్న హెడ్‌ఫోనులో తాను మాత్రమే వింటాడు. రెండిటి నడకా కలిశాక, మిక్సరు మీద వున్న పిడిని ఈ పక్కనుంచి ఆ పక్కకు జరుపుతాడు. మొదటి పాట యెప్పుడు వెళ్ళిందో, రెండోది యెప్పుడు వచ్చిందో ఆడేవాళ్ళకు తెలియదు.

నడక కలపడం అంటే యేమిటో కాస్త లెక్క చెబుతాను. మొదటి పాటలో నిమిషానికి 120 దెబ్బలు, రెండోదానిలో 124 అనుకుందాం. ఈ రెండూ ఒకేసారి మోగితే పొరుగూరి డప్పూ మన వూరి డప్పూ కలిసినట్టు వుంటుంది. మొదటి దాని వేగం నూటికి మూడున్నర పాళ్ళకు కొంచెం తక్కువగా పెంచితే రెండూ కలుస్తాయి. ఆపైన, 120 దెబ్బల నడకలో 32 దెబ్బలంటే సరిగ్గా 16 సెకన్లు. ఆ 16 సెకన్లలో పిడి జరగాలి. ఈనాడు ప్లేట్ల బదులు ల్యాప్‌టాపు, దానికి తగిలించిన చిన్న పెట్టె వచ్చాయి. నడక కలిపే పని కొంత యంత్రమే చేసిపెడుతుంది. కాని తర్వాత యే పాట వెయ్యాలో యంత్రానికి తెలియదు. పెళ్ళికొడుకు మేనత్త యే పాటకు లేచి వస్తుందో అసలే తెలియదు.

ఇదంతా ఒక్కడు చెయ్యగలడు. మరి ఇద్దరెందుకు?

ఈ ప్రశ్నకు జవాబు డీజేల పాత కథలోనే వుంది. 1973 ఆగస్టు 11న న్యూయార్కు నగరంలో, బ్రాంక్సు అనే పేటలో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నెంబరు భవనంలో ఒక చిన్న విందు జరిగింది. సిండీ క్యాంబెల్ అనే అమ్మాయి బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలని ఆ విందు పెట్టింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు ప్రవేశ రుసుము. ప్లేట్లు వేసింది ఆమె అన్న క్లైవ్ క్యాంబెల్. అప్పటికి 18 యేళ్ళవాడు. జమైకా నుంచి వచ్చిన కుటుంబం వారిది. లోకమంతా అతన్ని కూల్ హెర్క్ అనే పేరుతో యెరుగును. పాట మధ్యలో గొంతు ఆగి వట్టి వాయిద్యం మోగే చోటుకోసమే ఆడేవాళ్ళు కాచుకుని వుంటున్నారని అతను కనిపెట్టాడు. ఒకే ప్లేటు రెండు కొని, రెండు ప్లేయర్ల మీదా పెట్టి, ఆ ముక్కనే ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు సాగదియ్యడం అలవాటు చేసుకున్నాడు. హిప్‌హాప్ అనే సంగీతం పుట్టుకకు ఆ విందునే గుర్తుగా చెబుతారు. అయితే అతను ప్లేట్ల మీద వంగి వుంటే జనంతో మాట్లాడేదెవరు? కోక్ లా రాక్ అనే స్నేహితుడు మైకు పట్టుకుని, వచ్చినవాళ్ళను పేరు పెట్టి పిలుస్తూ, హుషారు మాటలు చెబుతూ నిలబడ్డాడు. అచ్చంగా మన హాస్యపు వంత! చూశారా, ఇప్పుడు నవ్వండి.

జంట డీజేలు పని పంచుకునే పద్ధతులు ముఖ్యంగా మూడు.

మొదటిది వంతులవారీ. ఒక పాట నువ్వు, ఒక పాట నేను. లేదా మూడు నువ్వు, మూడు నేను. చూడటానికి ఇది తేలిక. కాని నీ పాట యెక్కడ ఆపుతావో నాకు తెలియాలి. నా పాట యే నడకలో మొదలవుతుందో నీకు తెలియాలి. ఎవడి సత్తా వాడు చూపిద్దామనుకుంటే పోటీ అవుతుంది గాని కచేరీ కాదు. రెండోది పనులవారీ. ఒకడు పాటలు నడుపుతాడు, ఒకడు మైకూ జనమూ చూసుకుంటాడు. మూడోది తోడు పద్ధతి. ఒకడు పాట నడుపుతుంటే, రెండోవాడు దానిమీద దరువులో, చిన్న చిన్న శబ్దాలో చేరుస్తాడు. సన్నాయికి డోలు వున్నట్టన్నమాట.

ఏ పద్ధతి అయినా కొన్ని కట్టుబాట్లు ముందే వుండాలి. ఒకే మీట మీద రెండు చేతులు పడకూడదు. ఇద్దరు గాయకుల గొంతులు ఒకేసారి వినపడకూడదు. ఏ పాట వేశామో ఇద్దరూ గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే వేసిందే మళ్ళీ వేసి నవ్వులపాలవుతారు. ఇంకెన్ని పాటలు తన వంతులో వున్నాయో వేళ్ళతో సైగ చెయ్యాలి, ఆ హోరులో మాట వినపడదు గనక. అన్నిటికంటె ముఖ్యం, ధ్వని పెంచే తగ్గించే మీట ఒక్కరి చేతిలోనే వుండాలి. ఇద్దరి చేతిలో వుంటే, నా పాట కాస్త తగ్గిందేమో అని నేను కొంచెం పెంచుతాను, నీ పాట తగ్గిందేమో అని నువ్వు కొంచెం పెంచుతావు. అర్ధగంటకల్లా పందిరి రాటలు వణుకుతాయి.

ఇక్కడ మా వూళ్ళో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

మొన్న వేసవిలో మా వీధిలో పెళ్ళి. డీజేకు పక్క వూరినుంచి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. చిన్నప్పటి నుంచి స్నేహితులట. పెట్టెలు అప్పు చేసి కొనుక్కున్నారు. ఒకడు పొడుగ్గా, చలాకీగా, చేతులు పైకెత్తి జనాన్ని ఆడిస్తూ వుంటాడు. రెండోవాడు పొట్టివాడు. ఒక చెవికి హెడ్‌ఫోను ఆనించుకుని, తల వంచుకుని, రాత్రంతా అలాగే వుంటాడు. నడుమ నడుమ పెట్టెల దగ్గరికి వెళ్ళి తీగలు తడిమి చూసి వస్తాడు. కరెంటు ఒకసారి పోయి జనరేటరుకు మారినప్పుడు పాట మళ్ళీ అందుకున్నది అతని చేతి మీదుగానే.

తెల్లవారి లెక్కలు చూసేవేళ పెళ్ళికూతురి మేనమామగారు పద్దు ముందు పెట్టుకుని కూర్చున్నారు. చెడ్డమనిషి కాదు. పెళ్ళి ఖర్చు తడిసి మోపెడైన మనిషి.

"పాటలు వేసింది ఆ పొడుగబ్బాయి కదయ్యా. నువ్వు రాత్రంతా చెవికి అది పెట్టుకుని వింటూ కూర్చున్నావు. నీకు కూలి యేమిటి?" అన్నారు పొట్టివాడితో.

అతను యేదో చెప్పబోయి వూరుకున్నాడు. పొడుగువాడే అన్నాడు, "బాబాయి గారూ, వాడు విన్నాడు గనకనే నేను వేశానండీ."

"వినడానికి డబ్బులిస్తే మేమందరం వింటిమి కదా!" అని మేనమామగారు నవ్వేశారు. పక్కనున్నవాళ్ళూ నవ్వారు.

అప్పటిదాకా డోలుకు గుడ్డ చుట్టుకుంటున్న మేళం పెద్దాయన తల యెత్తాడు. "అయ్యా, మా మేళంలో సన్నాయిలు రెండెందుకో యెప్పుడైనా చూశారా? ఒకాయన వూపిరి తీసుకుంటే రెండో ఆయన స్వరం పట్టుకుని నిలబడతాడు. తాళి కట్టేవేళ పాట తెగలేదంటే అది ఇద్దరి చలవ. సగం సేపు వూరికే వున్నాడని రెండో ఆయనకు సగం ఇస్తారా?" అన్నాడు.

మేనమామగారు కాసేపు ఆలోచించారు. కాని పద్దులో అప్పటికే అంకె వేసేశారు. ఒప్పుకున్నదానిలో నాలుగోవంతు కోసి ఇచ్చారు. కుర్రాళ్ళు వాదించలేదు. వ్యానులో పెట్టెలన్నీ యెక్కించుకుని, అరుగు చివర కూర్చుని నోట్లు లెక్కపెట్టుకున్నారు. పొడుగువాడు రెండు సమానమైన కట్టలు చేసి, ఒకటి పొట్టివాడి జేబులో పెట్టాడు. కోసింది నీ కూలి కాబట్టి నష్టం నీదే అనలేదు. అప్పు వాయిదాకు యెంత తక్కువ పడుతుందో నెమ్మదిగా మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ రెండు కట్టలే జంటకు పునాది అని నా అభిప్రాయం. పాట బాగా కలిపే జంటలు చాలా వుంటాయి. లెక్క బాగా కలిపే జంటలే నిలుస్తాయి.

మేళం పెద్దాయన చెప్పిన రెండో సన్నాయి మాట అబద్ధం కాదు. షేక్ మహబూబ్ సుభానీ గారూ, ఆయన భార్య కాలీషాబీ గారూ జంటగా నాదస్వరం వాయించి 2021లో జంటగానే పద్మశ్రీ అందుకున్నారు. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి శిష్యులు వాళ్ళు. భార్యాభర్తలు గదా, ముందు యెవరు, వెనక యెవరు అని ప్రభుత్వం విడదీసి చూడలేదు.

పేరు పంచుకోవడంలో మన తెలుగువాళ్ళకు తిరుపతి వెంకట కవులను మించిన గురువులు యెవరున్నారు? దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు 1872లో పుట్టారు, చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు 1870లో పుట్టారు. జంటగా అవధానాలు చేశారు. ఎవరు రాసినా ఇద్దరి పేరే వెయ్యాలని కట్టుబాటు పెట్టుకున్నారు. మా వైపు పల్లెల్లో ఈనాటికీ "పాండవోద్యోగ విజయాల" పద్యాలు నోటికి వచ్చినవాళ్ళున్నారు. ఇందులో ఈ పద్యం యెవరిది, ఆ పద్యం యెవరిది అని వాళ్ళెవరూ అడగరు. 1920లో తిరుపతిశాస్త్రి గారు పోయారు. వెంకటశాస్త్రి గారు మరో 30 యేళ్ళు, 1950 దాకా వున్నారు. ఒంటరిగా రాసినదానికీ జంట పేరే పెట్టారు. పక్కన లేని మనిషికి కూడా వంతు తీసిపెట్టారన్నమాట.

అందరికీ అలా సాగుతుందని అనను. సినిమా సంగీతంలో రాజ్ - కోటి అనే జంట పేరు మీకు తెలుసు. టి.వి. రాజు గారి అబ్బాయి సోమరాజు గారు ఒకరు, సాలూరి రాజేశ్వరరావు గారి అబ్బాయి కోటేశ్వరరావు గారు ఒకరు. 1988లో "యముడికి మొగుడు", 1994లో "హలో బ్రదర్" వారి జంట సంగీతమే. ఆ తర్వాత విడిపోయి యెవరి దారిన వారు పనిచేశారు. రాజ్ గారు 2023లో కన్నుమూశారు. ఆ జంట పాటలు ఈనాటికీ మా వూరి డీజే పెట్టెల్లో మోగుతూనే వున్నాయి. అందులో వరస యెవరిది, వాయిద్యం యెవరిది అని విడదియ్యడం విన్నవాళ్ళ తరం కాదు. విడిపోవడం తప్పూ కాదు. కలిసి వున్న కాలంలో చేసిన పని మాత్రం ఇద్దరిదీ అని ఒప్పుకుంటే చాలు.

ఇక ఇల్లాళ్ళకు, ఇంటి పెద్దలకు రెండు మాటలు. జంట డీజేను పిలిచేముందు, ధ్వని మీట యెవరి చేతిలో వుంటుందో అడగండి. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు మోగించకూడదు. పండుగలకు, ఉత్సవాలకు ప్రభుత్వం యేడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు. అది మన ఇంటి పెళ్ళికి తనంతట తానే వర్తించదు. గడియారం చూసే బాధ్యత ఆ ఇద్దరిలో ఒకరికి ముందే అప్పగించండి. ఆడేవాడికి గడియారం కనపడదు, ఆడించేవాడికి అసలే కనపడదు.

రెండోది చెవుల సంగతి. 85 డెసిబెళ్ళ ధ్వనిలో 8 గంటలు పనిచెయ్యవచ్చుననీ, ఆపైన ప్రతి 3 డెసిబెళ్ళకూ ఆ గడువు సగమవుతుందనీ అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ లెక్క కట్టింది. ఆ లెక్కన 100 డెసిబెళ్ళ దగ్గర దక్కేది 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో వినోదశాలల్లో సగటు ధ్వని 100 డెసిబెళ్ళు మించరాదని చెప్పింది. మనం ఆ పక్కనే నాలుగడుగులు వేసి, నాలుగు మాటలు చెప్పుకుని ఇంటికి వస్తాం. ఆ కుర్రాళ్ళు ముహూర్తాలున్నన్ని రాత్రులూ పెట్టెల పక్కనే వుంటారు. ఇద్దరున్నప్పుడు ఒకడు కాసేపు దూరంగా వెళ్ళి చెవులకు విశ్రాంతి ఇవ్వగలడు. రెండోవాడి కూలి కోస్తే మరుసటి పెళ్ళికి ఒక్కడే వస్తాడు. విశ్రాంతి వుండదు. ఆ వయసులో పోయిన వినికిడి తిరిగి రాదు. వాళ్ళ అన్నం వాళ్ళ చెవుల్లోనే వుంది.

ఈ వంత గొడవ పందిట్లోనే కాదు, మన వంటింట్లోనూ వుంది సుమండీ. ఇద్దరు తోడికోడళ్ళు కలిసి వంట చేస్తే, వడ్డించిన ఆమెకు "పులుసు అద్దిరిపోయింది" అని మెప్పు. తెల్లవారకముందే లేచి చింతపండు నానబెట్టి, కూరలు తరిగి, పొయ్యి దగ్గర మంట చూసిన ఆమె మాట యెవరూ యెత్తరు. పులుసు చెడితే మాత్రం ఇద్దరి పేర్లూ బయటికి వస్తాయి!

చివరిగా ఒక చిన్న సంగతి. జంట డీజేలు ఇద్దరూ ఒకేసారి భోజనానికి లేవలేరు. పెట్టె దగ్గర ఒకరు వుండి తీరాలి. మొదటివాడు తిని వచ్చేసరికి బంతులు అయిపోతాయి, వంటవాళ్ళు గంగాళాలు కడుగుతూ వుంటారు. రెండోవాడు రాత్రి రెండింటికి అరటిపండు తిని నీళ్ళు తాగిన పెళ్ళిళ్ళు నాకు తెలుసు. ఈసారి మీ ఇంట శుభకార్యం జరిగితే ముందే చెప్పి ఒక విస్తరి అన్నం, ఒక ముక్క ఆవకాయ, కాస్త పెరుగు పక్కన తీసి మూత పెట్టించండి. అప్పడం మెత్తబడుతుంది, ఫరవాలేదు.